ఇంకొకరి చేతిరాత

మా కొండకి నూట అరవై రెండు మెట్లు.
మనుషుల్ని పైకి మోసుకొచ్చే డబ్బా లిఫ్టు
చెడిపోయి ఆరేళ్లు.
ఆ ఏడే పుట్టింది మైతే.

వాల్పరాయిసోలో పిల్లలు
నడక కుదురుకోకముందే మెట్లు దిగడం నేర్చేస్తారు.
నా కూతురు ఇప్పటికీ
నా శాలువా కొస పట్టుకునే దిగుతుంది.
నేనెప్పుడూ దానికంటే ఒక మెట్టు కింద,
వెనక్కి తిరిగి, పీతలా.
చూసినవాళ్లు నవ్వుతారు. నవ్వనీ.
పడితే నా మీద పడాలి.

ఒక నోట్‌బుక్ ఉంది, నీలం అట్టది.
తేదీ, వేళ, ఎన్ని సెకన్లు,
ముందు కొట్టుకున్నది కుడి చెయ్యా ఎడమ చెయ్యా,
తర్వాత ఎంతసేపు పడుకుంది,
లేచి నన్ను ఏమని పిలిచింది.
ఒకసారి "ఆంటీ" అంది. అదీ రాశాను.
డాక్టరు పేజీలు తిప్పి
"చాలా బాగా రాస్తున్నారమ్మా" అంటాడు
బళ్లో మేష్టారు మెచ్చుకున్నట్టు.
రాసే మనిషి ఎప్పుడు పడుకుంటుందో రాయడానికి
ఆ పేజీల్లో గడి లేదు.

సలహాలకి మాత్రం కరువు లేదు.
నోట్లో చెంచా పెట్టమంటారు. పెట్టకూడదు.
కాళ్లూ చేతులూ అదిమి పట్టుకోమంటారు. పట్టుకోకూడదు.
మా అత్త ఆదివారం ఆదివారం కొవ్వొత్తి వెలిగించొచ్చి
"మీ వైపు ఎవరికైనా ఉండేదా" అని
చల్లగా అడుగుతుంది.
ఒస్వాల్దోకి రేవులో రాత్రి డ్యూటీ.
ఓడ కూత వినిపిస్తే
ఆయనా మేలుకునే ఉన్నాడని ఓ ధైర్యం.
ధైర్యమే. చెయ్యి కాదు.

జాలి వద్దనను. అదీ ఓ పూటకి పనికొస్తుంది.
కానీ నాకు కావలసినవి చాలా చిన్నవి,
చెప్పుకోడానికి సిగ్గేసేంత:
తలుపు గడియ పెట్టుకుని స్నానం చెయ్యడం.
మందుల షాపులో "ఈ నెల స్టాకు రాలేదు" అన్నప్పుడు
నా బదులు ఇంకెవరైనా కోప్పడటం.
పుట్టినరోజుకి మైతేని కూడా పిలిచి,
నన్ను గుమ్మం దగ్గరే వెనక్కి పంపెయ్యడం.

ఎనభయ్యో మెట్టు దగ్గర బాల్తసార్ ఇల్లు.
క్రేను నడిపి రిటైరైన మనిషి,
మాటలు తక్కువ, కుక్కలెక్కువ.
పోయిన మార్చిలో మైతే ఆయన గుమ్మం ముందే పడింది.
గ్యాసు బండల కుర్రాడు
భుజం మీది బండ దించి శిలువ గీసుకున్నాడు.
బాల్తసార్ కోటు మడిచి తల కింద పెట్టి
పిల్లని పక్కకి తిప్పి,
చేతి గడియారం విప్పి నాకిచ్చాడు.
లెక్క నాది, పిల్ల ఆయనది, ఆ కాసేపు.
ఎక్కడ నేర్చుకున్నారని తర్వాత అడిగాను.
"మా తమ్ముడు" అన్నాడు.
అంతకు మించి చెప్పలేదు. నేనూ తవ్వలేదు.

డిసెంబరు ఆఖరి రాత్రి
సముద్రం మీద బాణసంచా.
ఊరు ఊరంతా డాబాలెక్కుతుంది.
మేం కిటికీలకి దుప్పట్లు కడతాం.
ఆ వెలుగుకి దీనికి వస్తుందో రాదో డాక్టరుకే తెలీదు,
పరీక్ష చేసి తేల్చుకునే సరదా నాకు లేదు.
పదకొండున్నరకి తలుపు చప్పుడు.
బాల్తసార్. చంకలో మడత కుర్చీ.
"బాణసంచా డెబ్బై ఏళ్లు చూశాను.
నువ్వెళ్లి పడుకో."
మందు ఎక్కడుందో చూపించాను.
ఐదు నిమిషాలు దాటితే ఏం చెయ్యాలో చెప్పాను,
రెండుసార్లు.
మూడోసారి మొదలెట్టబోతే
కుర్చీ విప్పి కూర్చున్నాడు.

కొండలు దద్దరిల్లాయట.
ఓడలన్నీ ఒక్కసారే కూశాయట.
నాకు తెలీదు.

పొద్దున్న నోట్‌బుక్ బల్ల మీద తెరిచి ఉంది.
పెద్ద పెద్ద అక్షరాలు,
క్రేను మీంచి దించి పేర్చినట్టు:
ఒంటిగంటా పది. అటు తిరిగి పడుకుంది.
మూడున్నర. నిద్రలో నవ్వింది.
ఐదుంబావు. నీళ్లడిగింది, ఇచ్చాను.

ఆ కింద, ఏ గడిలోనూ పట్టక, అంచు వెంట:
అమ్మ గురక పెట్టింది. లేపలేదు.