మూసిన కళ్ళు చవక

కళ్ళు తెరిచిన రాకుమారి ధర
నా మూడు నెలల అద్దె.
కళ్ళు మూసుకున్నది నలభై డాలర్లు.
అందుకే మా ఇంట్లో అందరూ నిద్రలోనే ఉంటారు.

గ్లెండేల్‌లో పియానోలు శ్రుతి చేస్తాను.
శనివారం పొద్దున్నే
యజమాని పోయి, సామాను మిగిలిన ఇళ్ళకి వెళ్తాను.
పింగాణీ పళ్ళేల వెనక, పాత ఇస్త్రీపెట్టెల కింద
పలచని పారదర్శకపు రేకుల కోసం దేవులాడతాను.
ముందువైపు సిరా గీత, వెనకవైపు రంగు.
అడుగున మూడు రంధ్రాలు, మూలన ఒక అంకె.
తెరమీద కన్ను పట్టుకునేలోగా
జారిపోయిన బొమ్మ
నా గోడమీద ఏళ్ళతరబడి కదలకుండా.

పెద్ద సేకర్తలకి నన్ను చూస్తే నవ్వు.
వాళ్ళకి ముఖం కావాలి, ముద్దు కావాలి,
మంత్రగత్తె కావాలి, పదిగోళ్ళతో సహా.
నా దగ్గరున్నది
సగం ఎగిరిన దుప్పటి,
గుర్రం లేని గుర్రపుతోక,
రాజుగారు లేని రాజుగారి గడ్డం.
ఇంకా, పదిహేడు రెప్పపాట్లు.

పంటి డాక్టరు బిల్లు కోసం ఒకసారి అమ్మబోయాను.
కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి.
దుకాణంలో బెర్ట్రండ్ కళ్ళజోడు పైకి తోసి
"వీళ్ళని లేపి తీసుకురా, చూద్దాం" అన్నాడు.

నలభై ఏడో నంబరు మాత్రం అమ్మకానికి తీయలేదు.
ఉప్పురాజు కూతురు, దీపం ఊదబోయే ముందు.
రెప్పలు వాలాయి.
పెదవి గీత ఒకచోట
వెంట్రుకవాసి వణికింది.

బర్బాంక్‌లో ముసలివాళ్ళ ఆశ్రమం పియానో నా ఖాతాలోదే.
అక్కడి నర్సు చెప్పింది, ఎడ్వినా కస్పారియన్ గురించి.
తొంభై రెండేళ్ళు. పందొమ్మిదేళ్ళప్పుడు
కిటికీలకి తెల్లగుడ్డ కట్టిన హాల్లో
ఎనభై మంది ఆడపిల్లల మధ్య రంగులు వేసిందట.
మూడు వేళ్ళు కత్తిరించిన తెల్ల తొడుగు చేతికి.
దుమ్ము లేస్తుందని ఫ్యాను లేదు.
ఆగస్టులో చెమటచుక్క రేకుమీద పడితే
ఆ పూట కూలికి కోత.

దిండుగలీబులో చుట్టి తీసుకెళ్ళాను.
"ఇది నాదే" అంటుందని,
కన్నీళ్ళు పెట్టుకుంటుందని
దారంతా అనుకున్నాను, దాచడమెందుకు.

ఆమె ముందు వాసన చూసింది.
"వెనిగర్. ఊరగాయ అయిపోతోందయ్యా ఇది."
తర్వాత కిటికీకి ఎదురుగా పట్టింది.
"గీత లూసీల్‌ది. ఆ వారం దానికి దగ్గు.
దగ్గుకీ దగ్గుకీ మధ్య గీసేది.
నేను వెనకవైపు మనిషిని."
తిప్పింది.
చెంప ఎరుపు దగ్గర గోరు ఆగింది, తాకలేదు.
"నాది కావచ్చు. కాకపోవచ్చు.
ఎనభై మందిమీ ఒకే చెయ్యిలా వేయాలనే కదా
జీతమిచ్చింది."

సినిమా చూశారా అని అడిగాను.
"రెండుసార్లు. ఈ చోటు వస్తుందని తెలుసు.
కళ్ళు కాయలు కాచేలా కూర్చున్నాను.
సరిగ్గా అప్పుడే నేనూ రెప్ప వేశాను."
మరి రెండోసారి?
"ముందుసీటువాడి టోపీ."

టీ తాగాం. కింది వరసలో ఒక మెట్ట
మూడు నెలలుగా మూలుగుతోందని కసిరింది.
సరిచేసి బయల్దేరాను.

బస్సులో గలీబు విప్పాను, ఎందుకో.
ఆమె వెనక ఉండాల్సిన రాతిగది, మెట్లు, వెన్నెల
వేరే కాగితంమీద ఎవరో వేసినవి,
ఎప్పుడో చెత్తలో పోయాయి.
ఇప్పుడు రేకు వెనక ఏది వస్తే అదే ఆమె ఊరు.
టైర్ల దుకాణం. ఊదాపూల చెట్టు.
పైపుతో కాలిబాట కడుగుతున్న మనిషి
ఆమె భుజంలోంచి నడిచి జుట్టులో మాయమయ్యాడు.
సిగ్నలు ఎరుపు చెంపమీద పడింది,
రంగుమీద రంగు.

నలభై ఎనిమిదిలో కళ్ళు తెరుస్తుంది.
అది ఎవరి దగ్గరుందో.