పదిహేను ఆంపియర్లు

ఒరెస్ట్ వచ్చిన రాత్రి వాన.
ఇల్లంత బండిని వెనక్కి వెనక్కి తోలుకుంటూ
నా గ్యారేజీ గోడకు జానెడు దూరంలో ఆపాడు.
లోపల పడుకోరా అంటే వినడు.
"నా గురక నీకెందుకు, నీ పిల్లి నాకెందుకు."
ఎల్లుండి డాఫిన్ ఆసుపత్రిలో వాడికి కంటి ఆపరేషన్.
మూడు రాత్రులు. ఒక్క సాకెట్టు చాలన్నాడు.

ఒక్క సాకెట్టట!
బండి తీగ నా బొటనవేలంత లావు,
దాని మూడు కాళ్ళు మా గోడ రంధ్రాల్లో దూరవు.
మధ్యలో అడాప్టరొకటి పెట్టాలి,
కుక్క నమిలే ఎముకలా పొట్టిగా, రెండు చివరలా ఉబ్బి.
పెద్ద నోటిని చిన్న గిన్నెకు ఒప్పించే వస్తువది.
గిన్నె మాత్రం పెరగదు.
బండి అడిగేది ముప్ఫై, గోడ ఇచ్చేది పదిహేను.

వాడి చేతిలో క్రిస్మస్ దీపాలకు వాడే
సన్నటి నారింజరంగు తీగ, ఇంకా చుట్టలోనే ఉంది.
"ఇది చాల్లే అక్కా."
ముప్ఫై మూడేళ్ళు స్కూలు బస్సు నడిపినదాన్ని,
'చాల్లే' అన్న మాటలో పొగ వాసన నాకు ముందే కొడుతుంది.
లావు తీగ తెచ్చి, చుట్టంతా విప్పి పరిచాను.
చుట్టలో పుట్టిన వేడి చుట్టలోనే మగ్గుతుంది.

గోడకు టెస్టర్ గుచ్చాను.
రెండు దీపాలు వెలగాల్సిన చోట
ఒక్కటే వెలిగింది.

ఎర్త్ లేదు.
అది నాన్న బిగించిన సాకెట్టు. డెబ్బై ఒకటి చలికాలం,
ట్రక్కు ఇంజిను గడ్డకట్టకుండా హీటర్ పెట్టాలని.
బయట మూడు రంధ్రాల మూత,
లోపల రెండే తీగలు.
మెత్రో బొయ్‌చుక్ పనంతా అంతే:
పైకి పూర్తయినట్టే కనిపిస్తుంది.

"యాభై ఏళ్ళుగా పనిచేస్తోంది కదా!"
"యాభై ఏళ్ళుగా దానికి ఎవరూ ఇనప ఇల్లు తగిలించలేదు కదా."

బండిలో ఎక్కడో ఒక తీగ తొడుగు చిట్లిందనుకో,
దిగే దారి లేని కరెంటు
రబ్బరు చక్రాల మీద, రేకు ఒళ్ళంతా పరుచుకుని
చప్పుడు చెయ్యకుండా కూర్చుంటుంది.
లోపల ఉన్నంతసేపూ నీకేం తెలీదు.
తెల్లారి ఉత్తకాళ్ళతో తడిగడ్డి మీద దిగి
తలుపు పిడి పట్టుకుంటావు చూడు,
భూమికి దారివి నువ్వే అవుతావు.

వాడేం మాట్లాడలేదు.
పిడి మీంచి చెయ్యి మెల్లగా తీసేశాడు,
ఇంకా ఏ తీగా ఎక్కడా తగిలించకముందే.

ఆ రాత్రికి బ్యాటరీ దీపం, రెండు దుప్పట్లు.
పొద్దున్నే షాంటెల్ డెజార్లే వచ్చి మూత విప్పింది.
కాసేపు చూసి, "మీ నాన్నగారు ధైర్యవంతులు" అంది.
ప్యానెల్ దాకా కొత్త తీగ లాగింది,
చిన్న తేడా వచ్చినా టక్కున తెగిపోయే సాకెట్టు పెట్టింది.
బిల్లు రెండువందల తొంభై డాలర్లు,
నేను ఊరబెట్టిన బీట్‌రూట్ సీసా ఒకటి.

తర్వాత వాడితో ఒప్పజెప్పించాను, పిల్లాడితో ఎక్కాల్లా:
ముందు బ్రేకర్ దించు. బండిలో అన్నీ ఆపు.
తీగ బండికి మొదట, గోడకు చివర.
ఆ తర్వాతే బ్రేకర్ ఎత్తు.
ఫ్రిజ్ గ్యాసు మీద నడవనీ. ఏసీ ఊసెత్తకు.
హీటరుంటే కెటిల్ వద్దు, కెటిలుంటే హీటర్ వద్దు.
అరగంటకోసారి ప్లగ్గు మీద చెయ్యి వేసి చూడు,
జ్వరం పిల్లాడి నుదురు చూసినట్టు.

ఆపరేషనయిన రాత్రి, ఒంటికన్నుతో,
బయట తొలిమంచు పడుతుంటే
మర్చిపోయాడు.
వంటింటి కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను,
వాడి కిటికీ ఠక్కున ఆరిపోయింది.

కాసేపటికి తలుపు దగ్గర టార్చిలైటు,
కంటికి తెల్లటి కట్టు, చేతిలో ఖాళీ కప్పు.
"కెటిల్," అన్నాడు.

గురక సంగతి నిజమే.
పిల్లి వాడి పొట్ట మీదే పడుకుంది.
బ్రేకర్ని తెల్లారేదాకా
నేను ఎత్తలేదు.