చేతుల డూప్

పొద్దున్నే ఏడింటికి, బోడుప్పల్ దాటాక
మూతబడ్డ ప్లైవుడ్ గోదాంలో
ఇలియాస్ భాయ్ నా ముంజేతులకి గమ్ రాస్తాడు.
చిన్న కవర్లోంచి వెంట్రుకలు తీసి
పోగుపోగుగా అతికిస్తాడు, నారు నాటినట్టు.
"ఎవరివి భాయ్ ఇవి?"
"ఎవరివో. ఇప్పటికి హీరోవి."
నెయిల్ పాలిష్ రాత్రే గీకేశాను.
చూపుడు వేలు పక్కన కాసిన కాయని మాత్రం ఉంచమన్నారు.
చాలా నేచురల్‌గా ఉందట.
తొమ్మిదేళ్లు పట్టింది ఆ నేచురల్‌కి.

సినిమాలో నలుగురు కుర్రాళ్లు, ఒక రాక్ బ్యాండ్.
డ్రమ్స్ కొట్టేవాడు ఒకమ్మాయిని ప్రేమిస్తాడు.
చెప్పబోయినప్పుడల్లా ఏదో ఒకటి వచ్చి పడుతుంది:
ఓసారి సింబల్ పడుతుంది, ఓసారి కరెంటు పోతుంది,
ఓసారి వాళ్ల నాన్న ఊడిపడతాడు.
జనం నవ్వాలి.

రాసింది మా హనోక్.
మా, అంటే
సైనిక్‌పురిలో వాళ్ల పిన్ని మేడ మీది గదిలో
గోడలకి కోడిగుడ్ల అట్టలు కొట్టుకుని
నాలుగేళ్లు మేం చేసిన చప్పుడులో గిటారు వాడిది.
కథలో నన్ను మగాణ్ణి చేశాడు.
"అమ్మాయి డ్రమ్స్ కొడితే ఎవరు చూస్తారన్నాడే ప్రొడ్యూసర్"
అన్నాడు, టీ కప్పులోకి చూస్తూ.
అట్టలు మాత్రం ఉంచాడు.
ఆర్టు వాళ్లు కొత్తవి కొని
డికాక్షన్ చల్లి పాతవి చేశారు.

డ్రమ్‌సెట్టు మాదే. అద్దె, రోజుకి పన్నెండు వందలు.
పెద్ద డ్రమ్ము మీద మా పేరు చెరిపి
పసుపు రంగుతో వాళ్ల పేరు రాశారు.
లైటు పక్కనుంచి పడితే
అడుగున మాది ఇంకా కనిపిస్తుంది.
నేనెవరికీ చెప్పలేదు.

హీరో మంచివాడే. మూడు వారాలు నేర్పినా
కర్రల్ని పప్పుగుత్తిలా పట్టుకుంటాడు.
"పైన నేను చూసుకుంటా అక్కా, కింద మీరు చూసుకోండి."
అలా పంచుకున్నాం ఒక మనిషిని.

ఇవాళ సీను ముప్పై ఏడు. క్లోజప్.
పాట ఆగాక ఆ అమ్మాయి వచ్చి
అతని చేతి మీద చెయ్యి వేస్తుంది.
అతని చొక్కా తొడిగారు నాకు, కాస్త వదులు.
ఇండోర్ నుంచి వచ్చిన పిల్ల
కెమెరాకి అడ్డం రాకుండా వంగి
నా చేతి మీద చెయ్యి పెట్టి, ఉలిక్కిపడింది.
"కట్! చెయ్యి వణక్కూడదండీ."
మానిటర్ ఇంకోసారి చూసుకుని
"లేదు లేదు, బావుంది. అలాగే వణకండి."

రెండో టేకులో వణకలేదు.
మూడులో, నాలుగులో కూడా లేదు.
ఆరో టేకులో ఒక వెంట్రుక ఊడి సింబల్ మీద పడింది.

ఏం గుర్తు చేసుకుంటే వణుకుతుందో నాకు తెలుసు.
కాలేజీ ఫెస్టులో ఓడి వస్తున్న రాత్రి,
ఆటో నిండా పెద్ద డ్రమ్ము,
మిగిలిన జానెడు చోట్లో నేనూ, బేస్ వాయించే యశోవర్ధనూ.
తార్నాకలో వాన అందుకుంది.
చొక్కా విప్పి కప్పాడు. నాకు కాదు, డ్రమ్ముకి.
అది ఎగిరిపోకుండా రెండు వైపుల నుంచి పట్టుకున్నాం
నాలుగు చేతులతో. అందులో రెండు
ఒకదాని మీద ఒకటి.
హబ్సిగూడ వచ్చింది. నాచారం వచ్చింది.
సింబల్ పడలేదు.
కరెంటు అన్ని వీధుల్లోనూ ఉంది.
ఎవరి నాన్నా రాలేదు.
ఒక్క అడ్డమూ లేని రోడ్డు, ఈసీఐఎల్ దాకా.
"ఇక్కడే ఆపన్నా" అని మాత్రం అన్నాం,
ఇద్దరం ఒకేసారి.

ఏడో టేకు ఓకే.

ఇప్పుడు హీరో వంతు. మొహం.
నా స్టూల్ మీద కూర్చుని
తనది కాని ఆ చేతిని చూసుకోవాలి.
"ఎలా పెట్టమంటారక్కా మొహం?"
"ఏదైనా వచ్చి పడితే బావుణ్ణని
ఎదురుచూస్తున్నట్టు పెట్టు."
మానిటర్ వెనక హనోక్ తలెత్తి నన్ను చూశాడు,
మళ్లీ కాగితాల్లోకి దించుకున్నాడు.

కుర్రాడు భలే చేశాడు.
లైట్‌బాయ్‌లు పడీ పడీ నవ్వారు.

పేకప్ అయ్యాక స్పిరిట్ దూదితో
ఇలియాస్ భాయ్ ఒక్కొక్కటే పీకుతున్నాడు.
అక్కడక్కడా నావీ వస్తున్నాయి.
"నొప్పా?"
"ఊఁ."
రెండింటినీ కలిపి కవర్లో వేసి
రబ్బరుబ్యాండు చుట్టాడు, రేపటికి.