పావురాల మందు

ఓస్ట్రావాలో, రాత్రి పదకొండుకి
కింద వాటా జ్డెన్యెక్ నా తలుపు కొట్టాడు.
"నీ పావురాలకేసే నులిపురుగుల మందు ఉందా?"

బొగ్గుగనిలో వాడిన తలదీపం
తొట్టి అద్దానికి ఆనించి చూపించాడు.
గప్పీ ఒకటి కదలకుండా నిలబడి ఉంది.
దాని వెనక నుంచి
మూడు ఎర్రటి దారప్పోగులు.
తోక ఆడించగానే లోపలికి దూరాయి,
అప్పులవాడి గొంతు విన్నట్టు.

ఎక్కణ్ణుంచి అంటే వెంటనే చెప్పలేదు.
ఆదివారం ఆదివారం
బొగ్గుచిట్టెం గుట్ట వెనక మడుగులో
గుడ్డవల వేసి తెస్తాడు
చుక్కంత నీటిపురుగుల్ని.
చుక్క కడుపులో ఇంకో చుక్క.
"బతికున్న మేతే మంచిదని
ముద్దు చేసి మరీ పెట్టాను."
ఎనిమిది తొట్లకీ ఒకటే వల,
తడి ఆరనిదే ఇందులోంచి అందులోకి.

పావురానికి ఎంత వెయ్యాలో నాకు తెలుసు.
గప్పీ ఎంత తూగుతుంది?
కొసగోటితో విదిలించాం,
దీపాలార్పి కంబళ్లు కప్పాం.

తెల్లారి అడుగున వాలిన పోగుల్ని
గొట్టంతో లాగేస్తూ
వేళ్లు మడిచాడు:
పళ్ల డాక్టరుకి రెండు,
బడిపిల్లలకి ఒక సీసాడు,
జామ్ డబ్బా ఇచ్చినందుకు
ఐదో అంతస్తు వ్లాస్తాకి నాలుగు.
ఊరికే ఇచ్చినవే అన్నీ.

మిగిలిన పొట్లంతో మెట్లెక్కాం.
దుమ్ము తిన్న ఊపిరితిత్తులు,
అంతస్తుకోసారి ఆగాడు.

"నా చేపలకేం, నిక్షేపంగా ఉన్నాయి"
అంది వ్లాస్తా తలుపు సగమే తెరిచి.
ఆమె భుజం మీదుగా కనబడుతోంది తొట్టి,
అందులో ఒకటి
కదలకుండా.