ఏం తింటది?

నక్కలగుట్టల హోటల్ మేనేజర్
రసీదు రాసిచ్చిండు: గోడ బొమ్మ, ఒకటి.
మూడేండ్ల కింద బాపు దవాఖాన బిల్లుకు అమ్మిన
లక్ష్మీదేవరను దుప్పట్ల చుట్టి
ఆటో వెనుక సీట్ల కూసోబెట్టిన.
పొణికి కట్టె. గుర్రం మూతి.
పగిలిన కుడి చెవి నా అంగి జేబుల.

హన్మకొండ బస్టాండు దాకా అని ఎక్కిండు
ఆర్ఈసీల చదివే పొడుగాటి పిల్లగాడు.
బుర్కినా ఫాసో అట. పేరు యాకుబా.
నవ్వొచ్చింది. మా అన్నారం దర్గా చుట్టు
ఇంటికో యాకయ్య,
మీ అమ్మ గూడ ఆడనే మొక్కిందా ఏంది?

అదాలత్ కాడ దుప్పటి జారింది.
పిల్లగాడు మాట ఆపిండు.
బూట్లు విప్పి సీటు కిందికి తోసిండు,
పెద్దమనిషికి జాగ ఇచ్చినట్టు
ఓ మూలకు ఒదిగిండు.

ఇన్నేండ్లు దీన్ని చూసినోళ్లంతా
ధరెంత అన్నరు, ఎప్పటిది అన్నరు,
పక్కన నిలబడి ఫోటో దిగిండ్రు.
వీడు వచ్చీరాని హిందీల మెల్లగ అడిగిండు:
"ఏం తింటది?"

నా కాలు బ్రేకు మీద పడ్డది.
కోడిపుంజు. బెల్లపన్నం. చిటికెడు పసుపు.
చెప్తుంటె నా గొంతు బాపు గొంతైంది.

వాళ్ల ఊర్లె ముఖాలు అటక మీద పండుకుంటయట.
విత్తనాలకు ముందు లేస్తయట,
ముసలోళ్లు పోయినంక లేస్తయట.
ఎత్తుకొని ఆడేది మామేనని తెల్సినా
మామా అని పిలువద్దట.
పిలిస్తే
మామ ఒక్కడే మిగుల్తడట.

అవును. మూతి కట్టిన దినం
మా అమ్మ బాపు కాళ్లకు నీళ్లు పోసి
తలెత్తకుండ నిలబడేది.
తెల్లారంగనే, ఏందయ్యా, పొయిల కట్టెలేవి?

బాపు బతకలే. బిల్లు మాత్రం కట్టినం.
ఇగ దీన్ని ఎవరు కడ్తరో.
నాకు ఆట రాదన్న.
నాకూ రాదు, తమ్ముడు నేర్చిండు,
నాది సివిల్ ఇంజనీరింగ్ అన్నడు.
ఇద్దరం కొంచెంసేపు రోడ్డు దిక్కే చూసినం.

బస్టాండు కాడ దిగి నలభై ఇచ్చిండు.
సంచిల నుంచి బిస్కట్ పొట్లం తీసి,
రెండు విరిచి
గుర్రం మూతి ముందట పెట్టిండు.
బూట్లు చేతులనే పట్టుకొని
ప్లాట్‌ఫారం దిక్కు నడిచిండు.

ములుగు రోడ్డెక్కిన.
గుంత వచ్చినప్పుడల్లా స్లో చేసిన.
జేబుల చెవి
రొమ్ముకు గుచ్చుకుంటనే ఉంది.