రేకుల షెడ్డు పిల్లి

లారీ ఇంజనులోంచి తీశాం దాన్ని,
ఒళ్ళంతా నల్ల ఆయిలు, కళ్ళింకా నీలంగానే.
ఒంగోల్లో ఆపాను, చిలకలూరిపేటలో టీ తాగాను అంటాడు డ్రైవరు.
తల్లి ఎక్కడుందో.

ఆటోనగర్లో, లేతు పక్కన, అట్టపెట్టెలో పెరిగింది.
జక్రయ్య వేళ్ళాడిస్తే వేళ్ళతోనే ఆడింది.
అప్పుడు పళ్ళు బియ్యపు నూకలు,
మాకు నవ్వొచ్చేది.

ఇప్పుడు ఆర్నెల్లు.
మడమ కదిలితే చాలు,
బల్ల కింద నుంచి దూకి పట్టేస్తోంది.
ఇనప రజను కాల్చిన మచ్చల మధ్య
దాని గీతలు కొత్తవి, ఎర్రగా.
రౌడీ అని పేరు పెట్టాడు జక్రయ్య.
బెజవాడలో ఆ పేరుకి కరువా, వేరేది చూడరా అన్నాను.

తోబుట్టువుంటే తిరిగి కొరికేది,
నొప్పంటే ఏంటో ఆ నోటికి తెలిసేది.
చెప్పేవాళ్ళు లేక
మా చేతులే దాని ఎలుకలయ్యాయి.

ఒకసారి కొట్టాను.
మూడ్రోజులు కంప్రెసరు వెనక నుంచి రాలేదు.
పదకొండేళ్ళప్పుడు మేస్త్రీ స్పానరుతో కొడితే
నేనూ అక్కడే దాక్కున్నాను.
అప్పుడక్కడ గోనెలుండేవి.

ఇక కొట్టలేదు.
ఫ్యానుబెల్టు ముక్కకి తాడు కట్టాం, చేతులు దాచుకున్నాం.
కొరికితే ఆట బందు. అరవం. కదలం.
జక్రయ్యయితే ఊపిరి బిగబట్టి
సినిమా కటౌటులా నిలబడతాడు.
అన్నాల వేళ దూరంగా కూర్చుని
దానికేసి మెల్లగా కళ్ళు మూసి తెరుస్తాను,
ఎవరూ చూడకుండా.

నిన్న టీ తాగుతుంటే
వచ్చి నా మణికట్టు నోట పట్టింది.
పళ్ళు ఆనాయి.
ఆగాయి.
చేతిలో గ్లాసు చల్లారిపోయింది.

బయటెవరో ఎయిర్ హారన్ కొట్టారు.
గీరేసి పోయింది మళ్ళీ.