గజం భూమి

పొద్దంతా సుల్తాన్ బజార్‌లో కళ్ళద్దాలు అరగదీస్తాను.
పావు నంబరు తేడా వస్తే
ఎవరో ఎక్కడో మెట్లు దిగుతూ తూలుతారు.
ఆ చేతులే కదా అనే ధైర్యంతో
జుమ్మెరాత్ బజార్‌లో, తుప్పు తాళాల కుప్ప పక్కన
పద్దెనిమిది వందలకు బేరమాడి
ఒక ఎలక్ట్రిక్ గిటార్ తెచ్చుకున్నాను.
మెడ వంకర. ఒక చెవి లేదు. లోపల సాలెగూడు.
"క్రికెట్ బ్యాటా అక్కా?" అన్నాడు ఆటో అతను.
కాదని చెప్పేంత నమ్మకం నాకూ లేదు.

నాకు వాయించడం రాదు. ముందే చెప్పాల్సింది.
విప్పడం ఇష్టం.
పదకొండు మరలు, ఏది ఎక్కడిదో మరిచిపోకుండా
ఇడ్లీ ప్లేటు గుంటల్లో వరసగా పెట్టుకున్నాను.
పాత పికప్ పీకి కొత్తది అతికిస్తుంటే
సోల్డరింగ్ ఐరన్ చూపుడువేలిని ముట్టుకుంది.
మర్నాడు షాపులో అద్దం మీద
నా వేలిముద్ర సగమే పడింది.

ప్లగ్ పెడితే
ట్రాన్స్‌ఫార్మర్ కింద నిలబడ్డట్టు ఒకటే గుయ్యి.
తీగ ముట్టుకుంటే ఇంకా గట్టిగా.
మూడు రాత్రులు.
కింది పోర్షన్ తులజమ్మ మోటారు కాలిపోయిందనుకుని
ట్యాంకు చూసి వెళ్ళింది.

గుజరాతీ గల్లీలో జిగ్నేష్ భాయ్ దుకాణం
మనిషి పక్కకు తిరిగితేనే పడుతుంది.
వెనక మూత తీసి చూసి, నవ్వకుండా అడిగాడు:
"జమీన్ దియే క్యా ఇస్‌కు?"

ఈ ఊళ్ళో భూమి మాట వినబడితే
గజం ఇంత, రింగు రోడ్డు దాటితే ఇంత అని
మొదలవకముందే చెవులు మూసుకుంటాను.
నా పేరున ఈ భూమ్మీద
కుండీడు మట్టి కూడా లేదు.
ఆయన బెత్తెడు నల్ల తీగ కత్తిరించి
బ్రిడ్జి కిందికి దూర్చి అతికించాడు.
డబ్బులు తీసుకోలేదు.
ఇప్పుడు వేలు ఆనించు, అన్నాడు.
ఆనించాను. రొద అణిగింది.
తీశాను. లేచింది.
మళ్ళీ ఆనించాను.
గల్లీలో హారన్లు అప్పుడు వినబడ్డాయి.

ఇక ఆగుతానా.
ముషీరాబాద్ కట్టెల అడ్డాలో మోనాచారి
"వాకిలికా, మంచానికా?" అన్నాడు.
ఏం చెప్పాలో తెలియక "పాటకు" అన్నాను.
రెండు టేకు చెక్కల్ని వేలి కణుపుతో కొట్టి, పక్కన పడేసి
మూడోదానికి చెవి ఆనించాడు.
"ఇది మాట్లాడతది బిడ్డా. తీస్కపో."

మెడకు మాత్రం నేనే గీతలు గీశాను.
వీణ మీద మెట్లంటారు, నేనూ మెట్లే అంటాను.
మొదటి మెట్టు నుంచి రెండోది, రెండో దాన్నుంచి మూడోది
కొలుచుకుంటూ పోయాను.
ఒక్కొక్కటి పెన్సిల్ గీతంత అటు జరిగింది.
పన్నెండో మెట్టుకు చేరేసరికి మూడు మిల్లీమీటర్లు.
కళ్ళద్దంలో తప్పు ఆ కంటితో ఆగుతుంది.
ఇక్కడ తప్పు పిల్లల్ని పెడుతుంది.
ఎంత కిందికి దిగినా
టేపు కొన తల దగ్గరే ఉండాలట.
కోశాక తెలిసింది.

నాలుగో మెట్టు దాకా ఫరవాలేదు.
ఆ పైన ఏది నొక్కినా
పెళ్ళి వీడియోలో మాట ముందు, పెదవి వెనక అయినట్టే.

ఆదివారం తులజమ్మ మేడ మీదికి వచ్చింది,
ఆరేసిన గద్వాల చీర నిండా రంపపు పొట్టుతో.
తిట్టడానికే వచ్చింది. తిట్టింది కూడా.
తర్వాత స్టూలు మీద కూర్చుని
"ఏదీ, కొట్టు ఒకసారి" అంది.
నాకు రాదు పిన్నీ, అన్నాను.
"రానిదానివి ఎందుకు చేసినట్టు?"
జవాబు లేదు.
తనే చెయ్యి చాపి లావు తీగ లాగింది.
గాజులు బ్రిడ్జికి తగిలి
స్పీకర్లోంచి గలగలమన్నాయి, పెద్దగా.
ఇద్దరం ఉలిక్కిపడ్డాం.
ఆమె చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

చీర మళ్ళీ పిండి ఆరేశాను.
పాడైన మెడ ప్రస్తుతానికి కిటికీ రెక్కకు ఆసరా.
మోనాచారి ఇంకో చెక్క పక్కన పెట్టాడట,
గురువారం లోపు రమ్మన్నాడు.